నెత్తురు చిక్కబడాలని

మా అయ్య దుమ్ముగూడెం పైనున్న అడవిలో తపసిబంక తీసేవాడు. చెట్టు బెరడుకు గాటు పెట్టి, ఊరిన బంకను గీకి తెచ్చి సంతలో అమ్మేవాడు. ఆయనకో పట్టింపు ఉండేది. బంక నీళ్లలా పలచగా కారిందంటే ఇక ఆ చెట్టు జోలికి పోడు. మళ్లీ చిక్కబడేదాకా దానికి విశ్రాంతి.

సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం మేం గుట్టెక్కే కాలంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. ఎట్లాగో ఖమ్మం చేర్చాం. అక్కడి పెద్ద దవాఖానాలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, మళ్లీ మూసుకోకుండా స్టెంట్ పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా గోలీలిచ్చి, ఒక్కపూట కూడా మానొద్దని చెప్పి పంపారు. అయ్య తల ఊపాడు. ఆయన అంత బుద్ధిగా ఎవరి మాటా వినడం అంతకుముందు నేను చూడలేదు.

నెల తిరక్కముందే మళ్లీ అదే నొప్పి. చెమటతో తడిసి ముద్దయిన మనిషిని జీపులో వేసుకుని మళ్లీ ఖమ్మం బయల్దేరాం. భద్రాచలం వంతెన దాటాక అడిగాను.

"గోలీలు ఏస్కుంటున్నవా అయ్యా?"

"ఆపిన బిడ్డా. గడ్డం గీసుకుంటే కోసుకపోయింది. నెత్తురు ఎంతకూ ఆగలే, నీళ్ల లెక్క కారింది. జర చిక్కగ కానీ అని ఆపిన."

నాకు ఒళ్లు మండింది. చెట్టుకు చేసినట్టే తన ఒంటికీ చేసుకున్నాడు. తిడదామని నోరు తెరిచి, ఆయన పెదాల రంగు చూసి ఊరుకున్నాను. పాల్వంచ, కొత్తగూడెం దాటుతున్నంతసేపూ ఒకటే భయం, ఈ మనిషి నా ఒళ్లోనే పోతాడేమోనని.

డాక్టరు కోప్పడుతూనే లోపలికి తీసుకుపోయాడు. స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టిందట. పని అయ్యాక నన్ను పిలిచి తెర మీద చూపించాడు. నాళాల్లోకి రంగు మందు ఎక్కగానే గుండె చుట్టూ నల్లటి తీగలు విచ్చుకున్నాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా అన్నీ కలిసి ఊగుతున్నాయి. ఒక తీగ మాత్రం సగంలో ఆగిపోయింది. తర్వాతి బొమ్మలో అదే తీగ కొసదాకా నిండింది. నేను పుట్టకముందు నుంచీ మా అయ్యలో ఇంత పని జరుగుతోందని నాకు తెలియనే తెలియదు. తెరకు దండం పెట్టాను. డాక్టరు తనకే అనుకున్నాడు.

అయ్య మెలకువగానే ఉండి అంతా చూశాడట. వార్డులో పడుకోబెట్టాక నన్ను దగ్గరికి పిలిచాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నేను పండుకున్నప్పుడు గూడ గా గుండె ఆగలేదా?"

"ఆగలే అయ్యా."

"దానికి ఎవరు చెప్పిన్రు?"

అయ్య నా మణికట్టు అందుకుని, నాడి దొరికేదాకా వేళ్లతో వెతికాడు. దొరికాక వదలకుండా అట్లాగే పట్టుకుని పడుకున్నాడు.

పొద్దున నర్సు గోలీ తెచ్చేసరికి ఆయన లేచి కూర్చుని, చేతిలో నీళ్ల గ్లాసుతో ఎదురుచూస్తున్నాడు.