అయితది అన్న లీడరు

డిప్లొమా చివరి ఏడాది, వనపర్తిలో, మాకు ప్రాజెక్టు గ్రూపులు రోల్ నంబర్ల వరసన వేశారు. పక్కపక్క నంబర్లు కావడం తప్ప ఏ సంబంధమూ లేని ముగ్గురం ఒకే బల్లకు చిక్కాం. నేను నాగర్‌కర్నూలు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. రెండోవాడు ధరూర్ అబ్బాయి, వాడి నోటికి తాళం ఉండేది కాదు. మూడో ఆమె కోడేరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. పలకరిస్తే తప్ప మాట్లాడేది కాదు. నన్ను వేరే గ్రూపులో వేయమని సారును బతిమాలాను. రేపు ఉద్యోగంలో కూడా మనుషుల్ని ఏరుకుంటావా అని ఆయన నవ్వేశారు. పైగా నా చేతిరాత బాగుంటుందని నన్నే లీడర్ని చేశారు.

కరెంటు రాగానే మోటరు దానంతటదే నడవాలి, బావిలో నీళ్లు అడుగంటితే ఆగాలి. అదీ మా ప్రాజెక్టు. ఆ మార్కులు మాకంటే కోడేరు అమ్మాయికి ఎక్కువ అవసరం. ఒక్క సబ్జెక్టు కూడా తప్పకుండా పాసైతేనే హైదరాబాదులో పై చదువుకు పంపుతానని వాళ్ల అబ్బా, అంటే నాన్న, చెప్పాడట. మొదటి రోజే నాకా సంగతి చెప్పింది. సరే, ఆ బరువు కూడా నా నెత్తినే పెట్టుకున్నాను.

మా దిక్కు ‘అయితది’ అని ఒక మాట ఉంది. ఓదార్పూ అదే, హామీ అదే, మర్యాదగా కాదనడమూ అదే. పని అవుతుందని చెబుతుందే గానీ ఎవరు చేస్తారో చెప్పదు. ఎంతవరకు వచ్చిందని సారు అడిగితే అయితది సార్ అనేదాన్ని. ధరూర్ అబ్బాయిని పిలిస్తే అయితది తీ అంటూ క్యాంటీన్ వైపు నడిచేవాడు. కోడేరు అమ్మాయి మాత్రం వైర్లు నేను కలుపుతా, ఇటివ్వు అని అడిగేది. ఎక్కడ పాడు చేస్తుందోనని నా భయం. అయితది, నువ్వు బస్సుకు పో అనేదాన్ని. కాసేపు నిలబడి వెళ్లిపోయేది. అలా నాలుగైదుసార్లు అడిగి మానేసింది.

మూడు నెలలు ఆ ల్యాబులో నాకు ఊపిరాడలేదు. బయట అందరూ వాలీబాల్ ఆడుతుంటే నేను సోల్డరింగ్ పొగ పీలుస్తూ ఇద్దరినీ తిట్టుకునేదాన్ని. కలిపిన వైరు మళ్లీ ఊడేది. ఆగాల్సిన మోటరు ఆగేది కాదు. వదిలేసి పోదామంటే ముగ్గురి మార్కులూ అక్కడే ఉన్నాయి, పోకుంటే ఏడుపొచ్చేది. ఆ ఏడుపులో కొంత గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఎట్లాగో మోటరు దారికొచ్చింది. వైవాకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, ప్రాజెక్టులో నువ్వేం చేశావని ఒక్కొక్కరినీ అడిగారు. ధరూర్ అబ్బాయి తడుముకోకుండా సోల్డరింగంతా తనదేనన్నాడు. అంత కోపంలోనూ వాడి ధైర్యానికి నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆమె వంతు. ఆమె నా వైపు చూసింది. నేనే చేయనివ్వలేదని చెబితే లీడరుగా నా పరువు పోతుంది, నా మార్కులు కూడా పోవచ్చు. ఆమె కూడా చేసిందని అబద్ధం చెబితే, ఏం చేసిందని అడుగుతారు. ఎటూ కదల్లేక తల వంచుకుని వైర్లు సర్దుతున్నట్టు నటించాను.

“నేనేం చెయ్యలే సార్” అంది.

మేమిద్దరం పాసయ్యాం. ఆమె తప్పింది. గ్రూపును బాగా నడిపావని సారు నన్ను క్లాసులో నిలబెట్టి మెచ్చుకున్నారు. కాదు సార్ అనాలని ఎంతో అనిపించింది. చప్పట్లు ఆగేదాకా అట్లాగే నిలబడ్డాను.

ఆ సాయంత్రం బస్టాండుకు పరుగెత్తాను. ఆమె అప్పటికే కోడేరు బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. నీకు ఈ పని రాదనుకున్నాను, ఏమనుకోకు అన్నాను. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

“మా అబ్బాది మోటర్ వైండింగ్ దుకాణం. కాలిన మోటర్లకు ఏడో తరగతి నుంచి నేనే తీగె చుడుతున్న. మూడు నెలలు పక్కపక్కనే కూసున్నం, మీ అబ్బా ఏం పని చేస్తడని ఒక్కసారన్న అడిగినవా?”

డ్రైవర్ బస్సు స్టార్ట్ చేశాడు. బస్సు కదిలేలోపు లేదు అని చెప్పడానికి నాకు చాలా టైముంది. బస్సుకు దారిస్తున్నట్టు పక్కకు జరిగాను.