మూగక్క కట్టిన ఉత్తి గొట్టం

వాన కురిపించడానికి మబ్బుల్లో కాల్చే మందు గొట్టాలు తయారుచేసే షెడ్డులో ఆవిడకు ఉద్యోగం. ఊరంతా మూగక్క అనేవారు. మూగదేం కాదు, నోరు విప్పిందంటే వీధి వీధంతా వినాల్సిందే. ఒక్క విషయంలో మాత్రం పెదవి విప్పేది కాదు, అందుకే ఆ పేరు.

గొట్టాలను విమానం రెక్క కింద కట్టి, మబ్బులోకి పోయి కాలుస్తారు. సగం గొట్టాల్లో వాన మందు, మిగతా సగంలో ఉత్తి పొగ. ఏ రోజు ఏది కట్టాలో ఆవిడ నాణెం ఎగరేసి తేల్చి, పట్టీలో రాసి, పెట్టెలో పెట్టి సీలు వేసేది. మూడేళ్లు నిండి పెట్టె తెరిచేదాకా పైలట్‌కి కూడా తెలియకూడదు. తెలిస్తే మందుకే కురిసిందో, దానంతటదే కురిసిందో తేలదు. పైగా గాలివాటున ఉన్న పక్క ఊరివాళ్లు, తమ వానను దొంగిలిస్తున్నారని అప్పటికే నిప్పులు చెరుగుతున్నారు. అదీ తేలాలి. ఆకాశంలో చెయ్యి పెట్టేవాళ్లకు ఆ మాత్రం భయం ఉండాలి మరి!

రెండో ఏడు ఆవిడ తమ్ముడి పైరు పొట్ట దశలో ఉండగా వానలు మొహం చాటేశాయి. ఎట్టకేలకు ఒక్క నల్లమబ్బు వచ్చింది. ఈ ఒక్కసారికి నాణెం పక్కన పెట్టమని తమ్ముడు షెడ్డు గుమ్మంలో నిలబడి బతిమాలాడు. నాణెం బొరుసు పడింది. కళ్లు తుడుచుకుంటూనే ఆవిడ ఉత్తి గొట్టం కట్టింది. మబ్బు వచ్చిన దారినే పోయింది, పైరు మాడిపోయింది. ఏది కట్టావని అడిగితే మూగక్క మూగక్కే. తమ్ముడు ఆవిడ గడప తొక్కడం మానేశాడు. ఆవిడ లోలోపల కుమిలిపోయింది.

మరుసటి ఏడు రెండు ఊళ్ల సభలో పెట్టె తెరిచారు. మందు కట్టిన రోజుల్లో ఆరో వంతు వాన ఎక్కువ పడింది. పక్క ఊరి వాన తగ్గలేదు. మనవాళ్లు ఈలలు వేస్తుంటే పక్క ఊరి పెద్దాయన లేచాడు. నాణెం వేసేదీ రాసేదీ ఆవిడే, మంచి మబ్బు కనబడినప్పుడల్లా సొంతవాళ్ల కోసం మందే కట్టలేదని నమ్మకమేమిటన్నాడు. సభ చల్లబడిపోయింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. మూగక్కకు నిజంగానే నోరు పెగల్లేదు.

వెనక బెంచీలోంచి తమ్ముడు వచ్చి పట్టీ అందుకున్నాడు. తేదీల మీద వేలు జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఆ రోజు ఉత్తిదే కట్టావా అక్కా?"

"ఉత్తిదేరా."

తమ్ముడు ఆ తేదీ మీద వేలు ఉంచే పెద్దాయన వైపు తిరిగాడు.

"ఆ రోజు ఎండిపోయింది నా పైరండీ. ఈమె నా తోడబుట్టిన అక్క. నా కోసం చెయ్యని మోసం ఇంకెవరి కోసం చేస్తుంది?"

పెద్దాయన పట్టీ కింద సంతకం పెట్టాడు. వచ్చే ఏడు తమ ఊరి మబ్బుల్లోనూ గొట్టాలు కాల్చమనీ, నాణెం మాత్రం ఆవిడ చేతిలోనే ఉండాలనీ అన్నాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఆ పూట తమ్ముడు అక్క ఇంట్లోనే భోంచేశాడు. ఏడాది కబుర్లన్నీ మూగక్క ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉంది.