రూతు పారబోసిన బకెట్టు

గార్లదిన్నె రూతు చుక్క నీరు వృథా చేసి ఎరగదు. బియ్యం కడిగిన నీళ్లు ఎనుముకు, గిన్నెలు తొలిచినవి బెండ మొక్కలకు. బోర్లు ఎండిపోయిన ఊళ్లో అదే మర్యాద.

కూలికి పోయే చెనక్కాయ చేలు బీడు పడ్డాక ఆమె కంటి చుక్కల మందు ఫ్యాక్టరీలో చేరింది. సీసాలు నింపే గది తుడవడం ఆమె పని. లోపలికి గాజులు, పూలు, పౌడరు పనికిరావు. గాలి కూడా వడకట్టుకునే వస్తుంది. మనిషి ఒంటి నుంచి రాలే పొట్టే అక్కడ పెద్ద చెత్త.

ఒకనాడు ఆ గదిలో సూక్ష్మజీవులున్నాయేమో చూసేందుకు పెట్టిన జెల్లీ ప్లేట్ల మీద మచ్చలు మొలిచాయి. మన్నులో బతికే సూక్ష్మజీవి అది. గడ్డుకాలం వస్తే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది, స్పిరిట్‌కు చావదు, తడీ తిండీ దొరికితే లేస్తుంది. లేపాక్షి నంది మెడలోని గంటల సందున ఎన్ని నిద్రపోతున్నాయోనని నాకెప్పుడూ అనుమానమే. అంతరిక్ష నౌకలు కట్టే గదుల్లోనూ ఇలాంటి మొండివి దొరికాయని చదివాను. సరే, రూతు దగ్గరికి వస్తాను. మందు తయారీ ఆపేశారు. కారణం తేలకపోతే తుడిచేవాళ్లను తీసేస్తామన్నారు.

సూపర్‌వైజరు జయంతి, గుత్తి పిల్ల, రూతును పిలిచింది.

"అక్కా, బట్టలు మార్చుకునే గది తుడిచినాక బకెట్లో మిగిలిన మందునీళ్లు ఏం చేస్తాండావు?"

రూతు దాచలేదు. "తేటగానే ఉండాయి కదా మేడమ్. లోపలి గదికీ అవే వాడతాండా."

"బయటి చెప్పుల మన్నంతా రాలేది ఆ గదిలోనే కదక్కా. పేలు దువ్విన దువ్వెనతో పెండ్లికూతురికి తల దువ్వినట్లుండాది."

రూతుకు నవ్వు రాలేదు. "నన్ను పంపించేస్తారా?"

"పెద్దసారుకు నేను చెప్తా. నిజం చెప్పేదాన్ని మళ్లా యాడ వెతికేది? గదికొక కొత్త బకెట్టు. పాతది నీ చేత్తోనే పారబోయాల."

తూము దగ్గర రూతుకు చెయ్యాడలేదు. వంచిన బకెట్టును మళ్లీ నిలిపింది.

"ఇన్ని నీళ్లకు మా పెద్దక్క ట్యాంకరు కాడ కొట్లాడతాది మేడమ్."

జయంతి ఆమెను ఫ్యాక్టరీ వెనక్కి తీసుకుపోయింది. వాడిన నీళ్లను శుద్ధి చేసే తొట్లు, వాటి నుంచి ఒక పైపు, దాని చివర వేప మొక్కల వరస. పాదులు తడిగా ఉన్నాయి. రూతు వంగి మన్ను నలిపి చూసింది.

"ఈడికా వచ్చేది?"

"ఈడికే. ముందు చేతులు కడుక్కో తల్లీ. మన దొంగ ఉండేది ఆ మన్నులోనే."

రూతు తిరిగొచ్చి బకెట్టు వంచేసింది. పెంకులో నిద్రపోయేదాన్ని కూడా చంపే మందుతో గదంతా కడిగారు. తర్వాత పెట్టిన ప్లేట్లు తేటగా వచ్చాయి, సీసాలు మళ్లీ కదిలాయి.

నేను మొన్న పోయినప్పుడు ఆ వేపలు భుజం దాకా ఎదిగి ఉన్నాయి. రూతు వాటిని తన చెట్లంటుంది. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు మాత్రం ఇప్పటికీ ఎనుముకే.