కుట్టు పక్కన గీత

మా పిన్ని ఇంట్లో దొంగలు పడింది పట్టపగలు. ఆమె పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్న గంటన్నరలో ముందుగది కుట్టుమిషను మాయమైంది. బల్ల మిగిలింది. దాని మీద, మిషను ఉన్న మేర రంగు వెలిసిపోని చతురస్రమొకటి మిగిలింది.

ఇరవై రెండేళ్లుగా ఆ మిషనే ఆమె బతుకు. పని నేర్పిన దర్జీ అక్క చూపు మందగించి పని మానేస్తూ ఆమె చేతిలో పెట్టిన వస్తువది. అలా వచ్చినదానికి రసీదు ఎవరడుగుతారు? ఇంటి బీమా సంస్థ అడిగింది. బిల్లు లేకపోతే మిషనే లేనట్టు ఉత్తరం రాసింది.

ఏజెంటైనా సాక్ష్యం చెబుతాడని పిన్ని ఆశపడింది. అతను భుజాన కాన్వాసు సంచితో వచ్చి, పాలసీ మీద సంతకం చేయించుకున్నది ఆ మిషను పక్కనే.

"నెలకు నూరిళ్లు తిరుగుతాను, పిన్నిగారూ. ఎవరింట్లో ఏముందో నాకేం గుర్తుంటుంది?" అన్నాడతను.

న్యాయశాస్త్రం చదివాను కనుక ఉపాయం నేను చెప్పాను. బట్టను ముందుకు లాగే ఇనుప పళ్లలో ఒకటి విరిగినందువల్ల, ఆ మిషను కుట్టిన ప్రతి గుడ్డకూ అడుగువైపు, కుట్టు పక్కనే, వెంట్రుకంత గీత పడేది. ఇరుగుపొరుగును పిలిచాం. దిండు గలీబులు, కోట్లు, బడిపిల్లల చొక్కాలు వచ్చాయి. ఎదురింటి పెద్దాయన తువ్వాలు చుట్టుకుని, ప్యాంటు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఉన్నది అదొక్కటేనా, అన్నయ్యా?" అంది పిన్ని.

"నువ్వు కుట్టింది ఇదొక్కటేనమ్మా. తక్కినవన్నీ పొట్ట దగ్గర పిగిలిపోయాయి!"

మొత్తం పదకొండు గుడ్డలు. బీమా సర్వేయరు భూతద్దం పెట్టి చూశాడు, ఫొటోలు తీశాడు, కుట్టించుకున్నవారి పేర్లు రాసుకున్నాడు. "భలే సాక్ష్యమమ్మా!" అని మెచ్చుకున్నాడు. పిన్ని మురిసిపోయింది.

పన్నెండో రోజున ఉత్తరం వచ్చింది. మిషను ఆమెదేనని నిస్సందేహంగా రుజువైందట. దానితో పదకొండుమందికి కుట్టిపెట్టిందని కూడా రుజువైందట. కాబట్టి అది ఇంటి సామాను కాదు, వృత్తి పరికరం. నాలుగో షరతు ప్రకారం పరిహారం వర్తించదట. మొదట వస్తువే లేదన్నారు. ఉందని చూపిస్తే, ఉండకూడని తీరులో ఉందన్నారు. ఆ షరతు చదవవలసింది నేను. చదవలేదు. ఉత్తరం పట్టుకున్న చేతులు రెండుసార్లు కడుక్కున్నాను, జిడ్డు వదలలేదు.

పిన్ని ఏడవలేదు. సూదీ దారం తీసుకుని చేతికుట్టు మొదలుపెట్టింది. రోజంతా కుట్టినా ఒక్క చొక్కా పూర్తి కాలేదు.

మరుసటి వారం ఏజెంటు వచ్చాడు.

"గడువు ముగుస్తోంది, పిన్నిగారూ. పాలసీ కొనసాగిద్దామా?" అంటూ సంచిని బల్ల మీద, సరిగ్గా ఆ చతురస్రంలో పెట్టాడు.

పిన్ని సంచి పట్టీని తిరగేసింది. కుట్టు పక్కన సన్నని గీత.

"ఇది నేను వేసిందే కదూ, బాబూ?"

"అవునండీ. తెగితే మీరేగా వేసిచ్చారు, ఊరికే."

"గుర్తుందన్నమాట."

ఆమె కత్తెర మొనతో ఒక్కొక్క పోగూ తెంపి, తొందర లేకుండా పట్టీ ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు మిషనూ లేదు, నేను కుట్టిందీ లేదు. మీ కంపెనీవాళ్లకు చెప్పు, వాళ్లు మొదట రాసిందే నిజమైంది."

అతను సంచిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని మెట్లు దిగాడు.