పందుల లెక్క మార్చని మా ప్రభుదాసు బావ

నిన్న పొద్దున్న టెక్కలి బస్టాండులో టీ తాగుతుంటే అక్క ఫోన్.

"బావ లెగడం నేదురా తమ్ముడూ."

అంతే. ఆ తర్వాత ఫోన్‌లో ఏడుపు తప్ప ఏమీ లేదు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఆదివారం రా, చేపల పులుసు తిందాం అని మొన్నే కదా అన్నాడు!

ప్రభుదాసు బావ మా మేనత్త కొడుకు. పలాసలో జువాలజీ లెక్చరర్. నాకు బావ కన్నా ముందు ఫ్రెండ్.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. ఊరు పెరిగి పెరిగి రిజర్వ్ ఫారెస్టు కొండని చుట్టేసింది. కొండ మీద అడవి పందులు. కొండ కిందే మా చిలగడదుంప చేను.

ఎన్ని పందులున్నాయో అంచనా వేసే పని ఫారెస్టువాళ్ళు బావకి అప్పగించారు. లెక్క ఎక్కువొస్తే కాల్చడానికి పర్మిషన్ వస్తుందని రైతుల ఆశ. అందరికన్నా మా నాన్నకి.

బావ నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. ఎండాకాలం సాయంత్రాలు నీటిగుంట దగ్గర చెట్టెక్కి కూర్చునేవాళ్ళం. ఒకసారి ఓ మంద కనబడగానే నేను గబగబా లెక్కపెట్టేశాను.

"తోక సూడరా, సుట్టుకుంది. ఇవి కాశీబుగ్గ ఊరపందులు. మనలాగే షికారుకొచ్చాయి. లెక్కలోంచి కొట్టీ" అన్నాడు బావ.

చెట్టు మీంచి పడిపోయేంత నవ్వాం.

నాన్న లెక్క వేరు. "మా సేనుకి ఓ ముప్పై వత్తన్నాయి. పక్కోడికి ముప్పై. ఆ పక్కోడికి ముప్పై. అన్నీ కలిపీరా."

"అన్నీ ఒకటే మంద మావా. ముందు నడిసే ఆడపందికి సెవి తెగింది. అన్ని సేలల్లోనూ అదే కనబడతంది."

"పెంచి రాత్తే నీ సొమ్మేటి పోతాదిరా?"

"లేని పందిని ఎలగ రాత్తాను మావా?"

బావ ఉన్న లెక్కే ఇచ్చాడు. పర్మిషన్ రాలేదు.

చిన్నప్పటి నుంచీ బావకే అనుకున్న మా అక్క పెళ్ళిని నాన్న ఆపేశాడు. "పందుల పార్టీవోడికి నా పిల్లనివ్వను" అని చర్చి గుమ్మంలోనే అనేశాడు. అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు.

బావ ఏం చేశాడో తెలుసా?

కాలేజీ అవగానే సైకిలేసుకుని మా చేను కాపలాకి రావడం మొదలుపెట్టాడు. పిలవకుండానే. డబ్బా కొట్టి పందుల్ని తరమడం చేతకాక కీర్తనలు అందుకునేవాడు. ఆ గొంతుకి పందులే కాదు, మా కుక్క కూడా పారిపోయేది. అక్క మాత్రం ఆ పాట వింటూ పొయ్యి మీద కూర మాడబెట్టేది.

అలా రెండేళ్ళు. నాన్న పలకరించనే లేదు. రెండో ఏడు దుంపలు తవ్విన రోజు అమ్మతో, "ఆడికీ అన్నం ఎట్టు" అన్నాడు. మా ఇంట్లో పెళ్ళికి ఒప్పుకోవడం అంటే అదే.

బావా, ఆ చెట్టు మీద నీ పక్కన ఇంకొక్క సాయంత్రం కూర్చోవాలని ఉంది. పందులు రాకపోయినా పర్లేదు.

నిన్న సాయంత్రం సమాధుల తోట నుంచి వచ్చాక నాన్న అరుగు మీద కూలబడ్డాడు. ఎనభై దాటాయి ఆయనకి. నా చెయ్యి పట్టుకున్నాడు.

"రెండేల్లు ఆపీసినానురా పెళ్ళి. ఆ రెండేల్లూ ఆల్లిద్దరూ కలిసి ఉందురు కదరా."



వెళ్ళిరా బావా. ప్రభువు దగ్గర చల్లగా ఉండు. ఇక్కడ మా అక్కకి కాస్త నెమ్మది ఇమ్మని ఆయనకి నువ్వే చెప్పు.