టెకీలా మర్యాదలు

పెర్త్‌లో చదువుకునే రోజుల్లో నేను ఒక రెస్టారెంట్‌లో మెక్సికన్ పిల్లని. చామనఛాయ, పొడుగు జడ. ఓనర్‌కి అంతకు మించి రుజువు అక్కర్లేకపోయింది. ఆ ఆస్ట్రేలియావాడు మెక్సికోలో ఒక వారం బీచ్‌లో పడుకుని వచ్చి, ఆ దేశ సంప్రదాయాలకు పీఠాధిపతి అయ్యాడు.

"ఎక్కడి నుంచి వచ్చావని కస్టమర్లు అడిగితే నవ్వు, చాలు," అన్నాడు మొదటిరోజే. నేనింకా ట్రయల్‌లో ఉన్నాను. ఇది పోతే సెమిస్టర్ మధ్యలో వేరే పని దొరకడం కల్ల. సరేనన్నాను.

ఆయన పద్ధతిలో టెకీలాని ఉప్పు నాకి గుటుక్కున మింగకూడదు. సన్నటి గ్లాసులు రెండు పెట్టాలి. ఒకదాంట్లో టెకీలా, రెండోదాంట్లో నారింజరసం, నిమ్మరసం, టమాటా, కారం కలిపిన ఎర్రటి సంగ్రీటా. ఇదొక గుక్క, అదొక గుక్క. మా బాబాయి సారాలోకి ఆవకాయ నంజుకుంటే ఊరంతా తాగుబోతన్నారు. ఇక్కడ అదే పని చేసేవాళ్లకి అభిరుచి ఉందంటారు.

సంగ్రీటా కలపడం నా వంతు. ఒకరోజు మిగిలింది కానింగ్ వేల్‌లో మా ఇంటికి తెస్తే, నాతో ఉండే నెల్లూరు అమ్మాయి రుచి చూసింది.

"ఇది చారు గదా మే. పోపు మర్చిపోయినావా?"

మర్నాడు కాస్త చింతపండు, జీలకర్ర కూడా వేశాను. కస్టమర్లు కళ్లనీళ్లు తుడుచుకుంటూ అసలైన మెక్సికో రుచి అన్నారు. ఓనర్ అది తన రెసిపీ అని చెప్పుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చింది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయి స్పానిష్‌లో మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఓనర్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు కాబట్టి నవ్వుతూ నిలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఫోన్‌లో నా ఈడు అమ్మాయి ఫొటో చూపించి, ఏదో చెబుతూ ఏడ్చేసింది. నేను అన్నీ తెలిసినట్టు తల ఊపాను. అంత వెధవ పని నేను మళ్లీ చెయ్యలేదు.

చివరికి ఏదో అడిగి, జవాబు కోసం చూసింది.

"నాకు స్పానిష్ రాదండీ. మాది ఇండియా," అన్నాను ఇంగ్లిష్‌లో, ఓనర్‌కి వినబడకుండా.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. కళ్లు తుడుచుకుని, తప్పంతా తనదే అన్నట్టు నాకు సారీ చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ వెళ్లాక ఓనర్ నా దగ్గరికొచ్చాడు. కస్టమర్ మనసు అంతగా కరిగించినవాళ్లని ఆయన చూడలేదట.

"ఇవాళ్టి నుంచి నువ్వు పర్మనెంట్," అన్నాడు.

థాంక్యూ అన్నాను.