మొగలోకి తిరిగొచ్చిన నీరు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. శ్రీకాకుళంలో ఒక చిన్న కన్సల్టెన్సీలో ఇంజినీరుగా చేస్తున్నాను. కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే మొగ పక్కన, మత్స్యకారుల పాత ఇళ్లు తీసేసి అక్కడే కొత్తవి కట్టబోతున్నారు. వరదొస్తే నీరు ఎంత లేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. నేను చెప్పిన ఎత్తుకే పునాదులు వేస్తారు.

నదినంతా కంప్యూటర్‌లో పెట్టలేం. ఒక ముక్క తీసుకుని, దాని రెండు చివర్లలో ఏం జరుగుతుందో మనమే చెప్పాలి. వాటినే బౌండరీ కండిషన్లు అంటాం. పైనుంచి ఎంత నీరు వస్తుందన్నది ఇన్‌ఫ్లో, కింద ఎలా పోతుందన్నది ఔట్‌ఫ్లో. ఇన్‌ఫ్లో కోసం నెల్లాళ్లు తిరిగి వరద రికార్డులు పోగేశాను. ఔట్‌ఫ్లో సరిగ్గా మొగ దగ్గరే గీసి ఆటుపోట్లు ఇస్తే, సాఫ్ట్‌వేర్ ‘రివర్స్ ఫ్లో’ అని మొరాయించేది. అంటే పోవలసిన చోట నీరు లోపలికొస్తోందని. విసుగెత్తి సముద్రాన్ని సగటు మట్టం దగ్గర ఆపేసి, నీరు బయటికే పోవాలని పెట్టాను. హెచ్చరికలు మాయమయ్యాయి. బుద్ధి గడ్డి తిని సంబరపడ్డాను.

రిపోర్టు ఇచ్చేముందు సైటుకు వెళ్లాను. చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ పునాది ఎంత ఎత్తని అడిగింది. ఆమెకూ ఒక ఇల్లు వస్తోంది. మోకాలెత్తు చాలన్నాను. ఆమె లేచి, నా చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి లాక్కెళ్లి, గోడ మీద నడుమెత్తున ఉన్న నీటి మరక చూపించింది.

“తుఫాను నాడు అమాస పోటు. వంశధార ఎనక్కి వచ్చీసినాది. మనవరాల్ని అటక మీద ఎట్టి నాను నీళ్లల్లో నిలబడ్డాను. నీ లెక్కలో సంద్రం నీరు తీసుకోడమేనా, తిరిగివ్వదేటమ్మా?”

సముద్రం తిరిగిస్తోందని సాఫ్ట్‌వేర్ మొత్తుకుంటే దాని నోరు నొక్కింది నేనే.

ఆఫీసుకొచ్చి లెక్క మళ్లీ చేస్తానన్నాను. గడువు ఎల్లుండే, ఔట్‌ఫ్లో గురించి ఎవరూ అడగరు, రిపోర్టు పంపెయ్యమన్నారు మా సారు.

“ఆ మరక నా లెక్కలో కనపడేదాకా సంతకం పెట్టను సార్” అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. రానీ అనుకున్నాను. ఔట్‌ఫ్లో సరిహద్దును మొగ నుంచి తీసి సముద్రంలోకి బాగా దూరం జరిపాను. అక్కడ గంటగంటకూ మారే ఆటుపోట్లు ఇచ్చి, తుఫాను ఉప్పెన కలిపి, నీరు పోవడానికీ రావడానికీ దారి ఉంచాను. రన్ మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. నాలుగోసారి నూకాలమ్మ గోడ దగ్గర నీరు నడుమెత్తుకు చేరింది. అప్పుడు సంతకం పెట్టాను.

పునాదులు ఛాతీ ఎత్తుకు లేచాయి. అప్పటినుంచి ఏ పనికైనా ఔట్‌ఫ్లో గీసేముందు, అక్కడ బతికేవాళ్లను నీరు ఎప్పుడు వెనక్కొస్తుందని అడుగుతున్నాను. నూకాలమ్మ మాత్రం ఇన్ని మెట్లెందుకు పెట్టించావని, మోకాళ్లు పట్టుకుని, కనపడినప్పుడల్లా తిడుతుంది. తిట్టనీ. మనవరాలు ఇక అటక ఎక్కక్కర్లేదు.